తెర మీద కృష్ణయ్య

తెల్ల అంగీ ఇంకా దండెం మీదే ఉంది. డిటెక్టివ్ మాలతికి ఆ ఇంట్లో అడుగు పెట్టగానే నచ్చనిది అదే.

"అక్కా, వాయిదా రోజు మీ ఆయన తొడిగేది ఈ అంగీనే అన్నవ్ గదా?"

"గదే. ఇంకోటి ముట్టడు," అంది సత్యమ్మ. "ఉతికేది నేను. ఇస్త్రీ మాత్రం ఆయనే చేసుకుంటడు. ఇస్త్రీ అయినంక నన్ను గూడ తాకనియ్యడు."

"మరి పోయిన్నాడు ఏం తొడుక్కొని పోయిండు?"

"మగ్గం మీద కూసునేటప్పుడు ఏస్తడు, నీలి గళ్లది. మాపటికల్ల వస్త అన్నడు. గా అంగీతోనే పాయె."

అంటే వాయిదా లోపల తిరిగొచ్చే ఉద్దేశంతోనే వెళ్లాడన్నమాట. పారిపోయేవాడు కోర్టు అంగీని ఇస్త్రీ చేసి తగిలించి పోడు. మాలతి ఆ మాట పైకి అనలేదు. అనవసరంగా ఆశ పెట్టడం ఆమె వృత్తిలో పాపం.

అమరచింతలో నేతపని చేసుకునే కృష్ణయ్య శుక్రవారం పొద్దున గద్వాల బస్సెక్కాడు. మళ్లీ ఇల్లు చేరలేదు. శనివారం మాత్రం సత్యమ్మ ఫోనుకు ఆయన గొంతుతోనే నాలుగు ముక్కలు వచ్చాయి: "నేను మంచిగున్న. జర మనసు బాగలేదు, సోమశిల దిక్కు వచ్చిన. నన్ను ఎతుకకుండ్రి." పోలీసులు అది విని, ఆయనే చెబుతుంటే ఇంకేం కేసమ్మా అని పంపేశారు. ఏం చేయాలో తోచక సత్యమ్మ వనపర్తి బస్టాండు ఎదురుగా 'డిటెక్టివ్, పెళ్లి ఎంక్వైరీలు' అన్న బోర్డు చూసి మాలతి మెట్లెక్కింది. ఆదివారమంతా మాలతి సోమశిల రేవులో పడవలవాళ్లనూ సత్రాలవాళ్లనూ అడిగి అడిగి గొంతు పోగొట్టుకుంది. నీలి గళ్ల అంగీ మనిషిని అక్కడ ఎవరూ చూడలేదు. ఆయన ఆ దిక్కు పోనేలేదని ఆమెకు గట్టి నమ్మకం కుదిరింది.

ఇవాళ సోమవారం. పదిన్నరకు వాయిదా.

దేని వాయిదా అంటే, మునిగిపోయిన జంటనదుల బ్యాంకుది. ఆ బ్యాంకు బతికున్న రోజుల్లో దానికొక అలవాటు ఉండేది. మగ్గానికో, మిర్చి పెట్టుబడికో అప్పు కావాలని వెళ్లిన ప్రతివాడితోనూ ముందు తన వాటాలు కొనిపించేది. అట్లా అమరచింత నేతగాళ్లు, మానవపాడు రైతులు, బొంబాయికి కూలికి పోయి వచ్చేవాళ్లు అందరూ తమకే తెలియకుండా బ్యాంకు యజమానులై కూర్చున్నారు. యజమానులట, పాపం! దివాలా కోర్టులో వాటాదారుడు అందరికంటే ఆఖరివాడు. మిగతావాళ్లంతా తిని లేచాక ఏమైనా మిగిలితేనే అతనికి విస్తరి వేస్తారు.

ఈ కేసులో మిగిలింది ఒక్కటే, గద్వాలలో బ్యాంకు భవనమూ దాని వెనుక స్థలమూ. దాన్ని కారుచౌకగా కొట్టేయడానికి ఒక కంపెనీ కాచుకుని ఉంది. అందరి సంతకాలూ తీసుకుని వాటాదారుల తరఫున అభ్యంతరం వేసినవాడు కృష్ణయ్య. ఇవాళ ఆయన ఫోను వీడియోలో కోర్టుకు కనిపించి మా అభ్యంతరం అలాగే ఉందని చెప్పాలి. చెప్పకపోతే అమ్మకం ఖాయం, వాటాదారుల నోట్లో మట్టి. అప్పుడే కొందరు "అమ్ముడుపోయిండు" అనడం మొదలుపెట్టారు. సత్యమ్మను తినేస్తున్నది ఆ మాటే.

"ఆయన బతికి వస్తే సాలు," అంది, కొంగుతో కళ్లు ఒత్తుకుని. "కానీ దొంగ అనిపిచ్చుకొని వస్తే, వచ్చినంక ఎక్కువ దినాలు బతుకడు చెల్లె. నాకు తెలుసు."

మాలతి మగ్గం గదిలోకి నడిచింది. గుంట మగ్గం మీద చీర సగంలో ఆగిపోయి ఉంది. కాళ్లు పెట్టుకునే గుంతలో ఎవరూ లేరు. మగ్గం పక్కన గుంజకు, సరిగ్గా మాలతి నుదుటి ఎత్తున, చిన్న చెక్కపలక కొట్టి ఉంది. ఫోను జారకుండా దానికి రెండు మేకులు.

"ఇంత పైకెందుకు కొట్టిండు? సిగ్నల్ కోసమా?"

"సిగ్నలూ లేదు, పాడూ లేదు! గాడ ఫోను పెట్టి నిలబడుతడు." ఆ మాట అంటుంటే సత్యమ్మ మొహంలో చిన్న నవ్వు వచ్చి పోయింది. "జడ్జి వచ్చిన కాడి నుంచి పొయ్యేదాక నిలబడే ఉంటడు. మన కేసు ఒక్క నిమిషం, మిగిలిందంత ఎవరెవరియో కేసులు. గయన్ని అయ్యేదాక గట్లనే. కూసోరాదు అంటే ఇనడు. దినమంత గుంతల కాళ్లువెట్టి కూసునేటోన్ని, కోర్టు ముంగట గూడ కూసుంటనా అంటడు."

"టీవీల కోర్టు చూసే గద్వాల హాలుకు అందరితో కలిసి పోవచ్చు గదా?"

"మొదట్ల పోయిండు. ఆడ అందరు లొల్లి చేస్తే జడ్జి కోప్పడ్డడంట. నువ్వు మాట్లాడేటోనివి, ఒక్కనివే సప్పుడు లేని కాడ ఉండుమని లాయర్ సార్ చెప్పిండు. అప్పటిసంది గీ గదిలనే. నన్ను గూడ బయటికి పొమ్మంటడు. నేను తలుపు సందుల నుంచి సూస్త." ఆమె కొంగుతో పలక మీది దుమ్ము తుడిచింది. "ఫోన్ల ఛాతీ దాకనే కనపడ్తవ్, నిలబడ్డవని జడ్జికి తెల్వనే తెల్వదు గద అన్న ఒకసారి. నాకు తెలుస్తది గద అన్నడు."

ఖాళీ గదిలో, ఇస్త్రీ అంగీ తొడుక్కుని, ఫోను ముందు గంటల తరబడి ఒక్కడే చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి! మాలతికి వనపర్తిలో తన మేడగది గుర్తొచ్చింది. అక్కడ కూడా ఒక్క కంచం, ఒక్క గ్లాసు. పోలీసు ఉద్యోగం వదిలాక పండగపూట ఫోను చేసేవాళ్లు కూడా తగ్గిపోయారు. ఒంటరితనం ఎలా ఉంటుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"పోయిన్నాడు పొద్దున ఫోన్ వచ్చిందన్నవ్ గదా, చేసింది ఎవరక్కా?"

"పేరు చెప్పలే. బ్యాంకు కాయితాలు సూపిస్తం, ఒక్కనివే రా అన్నరంట. సార్, సార్ అనుకుంట మాట్లాడిండు."

"లాయరేమో?"

"లాయర్‌ను బాబూ అంటడు. సార్ అనడు."

అది చాలు. బ్యాంకు కాయితాలు చూపిస్తానన్న సార్ ఆచూకీ బ్యాంకు దగ్గరే దొరకాలి. ఇద్దరూ కలిసి గద్వాల బస్సెక్కారు. జూరాల దాటేదాకా సత్యమ్మ ఒళ్లో సంచిని పట్టుకునే కూర్చుంది. తెల్ల అంగీని మడిచి సంచిలో పెట్టుకుని వచ్చింది.

* * *

బ్యాంకుకు సరిగ్గా ఎదురుగానే చేనేత సంఘం హాలు. సత్యమ్మను హాలుకు పంపి మాలతి రోడ్డు దాటింది.

ముందు తలుపు తాళానికి గుడ్డ చుట్టి లక్క ముద్ర వేసి ఉంది. ముద్ర చెక్కుచెదరలేదు. మెట్ల మీద దుమ్ము, ఎండుటాకులు. ఈ దారిన ఎవరూ లోపలికి పోలేదు, అది నిజం. ఆమె పక్కగోడ వైపు తిరిగింది. కరెంటు మీటరులో ఎర్రదీపం టకటకా కొట్టుకుంటోంది.

"ఏం మాలతీ, పెండ్లికొడుకును ఎంక్వైరీ చేయనీకి వచ్చినవా? ఈ బ్యాంకుకు పెండ్లి అయ్యేది లేదు."

వెనక్కి చూడకుండానే గొంతు పోల్చుకుంది. మహిపాల్! ఒకప్పుడు ఇద్దరూ ఒకే స్టేషన్లో ఎస్సైలు. ఇప్పుడతనికి సొంత సెక్యూరిటీ ఏజెన్సీ, మెరిసే బూట్లు. బ్యాంకు ఆస్తులు అమ్మిపెట్టడానికి కోర్టు నియమించిన లిక్విడేటర్ ఈ భవనం కాపలా అతనికే అప్పగించాడు.

"తాళాలు నీ దగ్గరనే అంట గదా, మహిపాల్."

"నా దగ్గరనే. నమ్మి ఇచ్చిండ్రు. సీలు చూడు, మంచిగుందా?"

"ముందర మంచిగనే ఉంది. వెనుక తలుపు?"

"దానికీ సీలే."

"చూడనియ్ మరి."

"కోర్టు ఆర్డర్ తెచ్చుకో."

"మూతపడ్డ బ్యాంకుల కరెంటు ఎవరు కాలుస్తుండ్రు?"

అతని చూపు ఒక్క క్షణం మీటరు మీదికి పోయి వచ్చింది. "సీసీ కెమెరాలు. ఎందుకు, కరెంట్ ఆఫీసుల నౌకరి దొరికిందా నీకు?"

"కెమెరాలకు గింత కరెంటా? లోపల ఫ్యానో కూలరో తిరుగుతుంది."

"కాపలా పోరగాడు మర్చిపోయి ఉంటడు. చెప్త." మహిపాల్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "విను, పాత దోస్తువని చెప్తున్న. ఆ కృష్ణయ్య కోసం తిరిగి తిరిగి కాళ్లు అరగదీసుకోకు. ఆయనకు రేటు కుదిరింది. ఇయ్యాల తెర మీద కనపడి, కేసు ఆయనే వాపస్ తీసుకుంటడు. చూస్కో కావాల్నంటే."

"నీకెట్ల తెలుసు?"

"గద్వాలంత గదే అనుకుంటుండ్రు."

"లేదు. గద్వాలంత ఆయన పారిపోయిండు, ఇయ్యాల కనపడడు అనుకుంటుంది. కనపడి వాపస్ తీసుకుంటడని అంటున్నది నువ్వొక్కనివే."

మహిపాల్ నవ్వు మొహం మీదే ఉండిపోయింది, కళ్లలోంచి మాత్రం పోయింది. "స్టేషన్ల గూడ గిట్లనే ప్రతి ముచ్చట పీకేదానివి. అందుకే చూడు, ఒక్కదానివి మిగిలినవ్."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఎంత లేదనుకున్నా కళ్లు చెమ్మగిల్లాయి. దిక్కుమాలిన కళ్లు, సమయం సందర్భం లేదు వీటికి! మాలతి రోడ్డు దాటింది. వెనుక తలుపు ఎలా చూడాలా అని ఆలోచిస్తుండగానే హాల్లోంచి కేక వినిపించింది. "జడ్జి వచ్చే టైమైంది, రండ్రి!"

* * *

హాలు గుమ్మం బయట చెప్పుల కుప్ప. అది సంఘం హాలే గానీ, వాయిదా రోజు కోర్టు. కోర్టులోకి చెప్పులతో ఎట్లా పోతామని ఎవరో మొదటిసారి విడిచారు, అప్పటి నుంచి అదే ఆచారమైపోయింది. లోపల పెద్ద టీవీ, దాని ముందు బల్ల మీద ల్యాప్‌టాప్. వాటాదారుల లాయరు క్రాంతి కుమార్ చెమటలు తుడుచుకుంటూ దాని ముందు కూర్చున్నాడు. కుర్రవాడు మంచివాడే, కానీ భయస్తుడు. సత్యమ్మ ముందువరుసలో, కెమెరాకు ఎదురుగా కూర్చుంది. ఇరుపక్కలా కుర్చీలు ఖాళీ. మొన్నటిదాకా అక్కా, వదినా అని పిలిచినవాళ్లు ఇవాళ ఆమె పక్కన కూర్చోలేదు. హాలు నిండా జనం, ఆమె మాత్రం ఒక్కతే.

వెళ్లి పక్కన కూర్చుందామని మాలతి కదిలేలోపే క్రాంతి కుమార్ పిలిచాడు. "మేడం, కృష్ణయ్యగారు రాకపోతే ఏమని చెప్పాలి? రెండు నిమిషాలు నా దగ్గరే ఉండండి." ఆమె బల్ల పక్కన నిలబడిపోయింది. అప్పుడే మహిపాల్ లోపలికి వచ్చాడు, బూట్లతోనే. నేరుగా వచ్చి సత్యమ్మ వెనుక కుర్చీలో కూర్చుని నీళ్ల సీసా అందించాడు.

"పరేషాన్ గాకమ్మా. నేనున్న."

"నీ కడుపు సల్లగుండ, బిడ్డా," అంది సత్యమ్మ. ఆ పొద్దు ఆమెతో ప్రేమగా మాట్లాడింది అతనొక్కడే మరి.

తెర మీద న్యాయమూర్తి కనిపించాడు. హాలంతా లేచి చేతులు కట్టుకుని నిలబడింది, కూర్చోమన్నాక కూర్చుంది. జంటనదుల బ్యాంకు కేసు పిలిచారు. క్రాంతి కుమార్ గొంతు సవరించుకున్నాడు. అంతలోనే తెర మీద ఇంకో గడి తెరుచుకుంది. కింద పేరు: కృష్ణయ్య.

"ఉన్నడు!" అని అరిచింది సత్యమ్మ. "బతికే ఉన్నడు!"

నీలి గళ్ల అంగీ, మాసిన గడ్డం. వెనుక ఖాళీ సున్నపు గోడ. కృష్ణయ్య పెదాలు తడుపుకున్నాడు.

"అయ్యా, దండాలు. మా అభ్యంతరం వాపస్ తీసుకుంటున్న."

హాలు ఒక్కసారిగా భగ్గుమంది. "సూసిండ్రా? అమ్ముడువోయిండు!" "మన నోట్ల మన్ను కొట్టిండు!"

న్యాయమూర్తి తెలుగులోనే అడిగాడు. "మీ ఇష్టపూర్వకంగానేనా? ఎవరి ఒత్తిడీ లేదు కదా?"

"లేదయ్యా. నా ఇష్టంతోనే."

మాలతి ఆయన కళ్లనే చూస్తోంది. ఆ కళ్లు న్యాయమూర్తి వైపు లేవు. ఫోనులో ఏదో ఒక మూలకు అతుక్కుని ఉన్నాయి. ఏం చూస్తున్నాడు ఈయన?

"చెల్లె," ముందువరుసలోంచి సత్యమ్మ చెయ్యి చాచి ఆమె కొంగు పట్టుకుంది. "ఆయన కూసున్నడు."

"ఏంది?"

"కూసున్నడు. భుజాలు సూడు, గిట్ల వాలినయ్. మగ్గం మీద కూసున్నప్పుడే గట్ల ఉంటయ్. మా ఆయన భుజాలు నాకు తెల్వవా?"

మాలతికి అప్పుడు గుర్తొచ్చింది. గుంజకు నుదుటి ఎత్తున కొట్టిన పలక! ఈ మనిషి కోర్టు ముందు చచ్చినా కూర్చోడు. ఆయన్ని ఇవాళ ఈ ఫోను ముందు పెట్టినవాడెవడో, ఆయన్ని వాయిదాల్లో తెర మీదే చూసినవాడు. ఛాతీ దాకానే చూసినవాడు. అందరిలాగే ఈయనా కూర్చునే మాట్లాడతాడని అనుకున్నాడు. లేవనివ్వకపోతే తేడా ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాడు.

అవతల న్యాయమూర్తి ఉత్తర్వు చెప్పబోతున్నాడు.

"మైకు తెరువు," అంది మాలతి.

క్రాంతి కుమార్ బిత్తరపోయాడు. "మేడం, ఆయనే వాపస్ తీసుకున్నాక మనం మాట్లాడటానికి లేదు. కోర్టు కోప్పడుతుంది."

"కోప్పడనీ!" ఆమె వంగి తనే మీట నొక్కింది. "అక్కా, నాకు చెప్పిందే జడ్జికి చెప్పు."

సత్యమ్మ లేచి నిలబడింది. "అయ్యా, దండాలు. నేను గాయన పెండ్లాన్ని. ఆయనను లేసి నిలబడి గా ముచ్చట చెప్పుమనుండ్రి."

"నిలబడటం దేనికమ్మా? ఎవరిని? పేరు చెప్పండి."

హాలు సద్దుమణిగింది. ఇన్నేళ్ల కాపురంలో సత్యమ్మ మొగుడి పేరు నోటితో పలికింది లేదు. రేషన్ షాపులో కూడా పక్కవాళ్లతో చెప్పించేది. ఆమె ఒక్కసారి కళ్లు మూసుకుంది.

"క్రిష్ణయ్య," అంది. "క్రిష్ణయ్య మీ ముంగట ఎన్నడూ కూసోలే అయ్యా. ఇన్ని వాయిదాలు ఒక్కడే నిలబడ్డడు. మీకు కనపడకపాయె. ఆయన నిజంగ వాపస్ తీసుకుంటే నిలబడే తీసుకుంటడు. జర లెవ్వుమనుండ్రి."

న్యాయమూర్తి కళ్లద్దాలు తీశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "కృష్ణయ్యగారూ, ఒక్కసారి లేచి నిలబడండి."

తెర మీద కృష్ణయ్య కళ్లలో నీళ్లు నిండాయి. ఆయన ముందుకు వంగాడు. భుజాలు పైకి లేచాయి. వాటితో పాటే కుర్చీ వీపు కూడా లేచింది. నడుముకు బిగించిన తాడు, దాని కింద కట్టేసిన చేతులు హాలంతటికీ కనిపించాయి. ఎవరిదో చెయ్యి పక్కనుంచి వచ్చి ఆయన్ని వెనక్కి గుంజింది. ఫోను దబ్బున పడింది. తిరుగుతున్న ఫ్యాను, ఇనుప చువ్వల కౌంటరు, దాని మీద తలకిందులుగా రెండు మాటలు: నగదు చెల్లింపు.

"గది మన బ్యాంకే!" అని ఎవరో కేక పెట్టారు. అందరూ లేచారు. రోడ్డుకు ఇవతల వాళ్లు ఆయన్ని తిట్టుకుంటూ కూర్చుంటే, ఆయన రోడ్డుకు అవతలే ఉన్నాడు!

ఫోనులోంచి కృష్ణయ్య గొంతు వచ్చింది. మూసిన నోట్లోంచి పెనుగులాడి బయటపడ్డ గొంతు.

"సత్తెమ్మా! నీ ఎనుక కూసున్నోడే... నీ ఎనుకనే..."

గడి నల్లబడింది.

అప్పుడు తెలిసింది మాలతికి, ఆ కళ్లు ఇందాక ఏ మూల చూశాయో. ఆయన ఫోనులోనూ ఈ హాలు బొమ్మ కనిపిస్తుంది. అందులో ముందువరుసలో తన భార్య, ఆమె వెనుక ఆ మొహం. ఆ మొహాన్ని చూస్తూనే ఆయన నా ఇష్టంతోనే అన్నాడు. తప్పు తనది. ఆ ఖాళీ కుర్చీలో తను కూర్చుని ఉండాల్సింది.

ఆమె తిరిగి చూసింది. హాల్లో అందరూ నిలబడే ఉన్నారు, ఒక్క మనిషి తప్ప. మహిపాల్ కుర్చీలో కదలకుండా కూర్చుని ఉన్నాడు. అతని ఎడమ చేతిలో సత్యమ్మ మణికట్టు ఉంది. కుడి చెయ్యి జేబులో ఉంది, ఆ జేబులోంచి ఏదో గట్టిగా పొడుచుకొచ్చి సత్యమ్మ నడుముకు ఆనుకుని ఉంది.

"కూసో మాలతీ," అన్నాడు, చాలా మెల్లగా. "కోర్టు నడుస్తుంది."